నాలుగో గడి

నా రిజిస్టరులో నాలుగు గళ్ళు:
పేరు, వెళ్ళిన టైము, వచ్చిన టైము, కారణం.
మూడింటిని కుర్రాళ్ళు గబగబా నింపేస్తారు,
నాలుగో దాని దగ్గర పెన్ను నములుతారు.
గోవా నుంచి వచ్చిన డిఫెండరు
వారానికి మూడుసార్లు "మందులు" అని రాస్తాడు.
ఇంత ఆరోగ్యంగా ఉన్న రోగిని నేను చూడలేదు.
పెళ్ళికాని ఇంకొకడు
"అత్తగారికి జ్వరం" అని రాశాడు.
చదివి, సంతకం పెట్టాను.

లాసన్స్ బే కాలనీలో మా క్లబ్బు హాస్టలు.
పది దాటితే గేటు మూయడం నా ఉద్యోగం.
అంతకుముందు పోర్టు జట్టుకి గోల్‌కీపర్ని;
ఎడమ చిటికెనవేలు ఇప్పటికీ తూర్పుకే తిరిగి ఉంటుంది.
నేనూ గోడ దూకినవాణ్ణే.
అప్పుడు గోడ మీద గాజుపెంకులుండేవి కావు,
జనం జేబుల్లో ఫోన్లూ ఉండేవి కావు.

తెడ్డు ఎల్లాజీ మాత్రం కారణం రాయడు.
చిన్న గీత గీసి, "మావా, వచ్చేత్తాను" అంటాడు.
పెద జాలారిపేట పిల్లాడు, ఇసకలో నేర్చిన కాలు.
ఆ కాలికి పొద్దున ఐసు, రాత్రి నూనె,
దానికో వేరే డాక్టరు, దాని మీద బీమా.
మిగతా మనిషిని ఎవరూ తడిమి చూడలేదు.

ఆ ఆదివారం పెనాల్టీ పోయింది.
బంతి బారు మీంచి కైలాసగిరి దారి పట్టింది.
పెనాల్టీ పోగొట్టుకున్నవాడి వీపు ఎలా ఉంటుందో
కీపర్లకే తెలుసు, అది చూసేది మేమే.

రాత్రి అప్పూఘర్ దగ్గర
మూరీ మిక్చరు బండి అసిరితల్లి
ఉల్లిపాయ తరుగుతూ, తలెత్తకుండానే అందట:
"అంత పెద్ద గోలు, అడ్డంగా ఒక్క మనిసి.
దాన్లో ఎట్టనేకపోనావేటి బావూ?"
అంతే.
బీమా ఉన్న కాలు లేచింది.

ఊరంతా చూసినట్టే నేనూ వీడియోలో చూశాను.
వీధిదీపం కింద మూరీలు తెల్లగా ఎగిరాయి,
నిమ్మకాయలు రోడ్డు దాటి సముద్రం వైపు దొర్లాయి,
ఒక కుక్క వాటి వెనకాల పరిగెత్తింది.
బండి చక్రం వంగింది.
ఆమె చేతిలో కత్తి అలాగే ఉంది,
తరగడానికి ఉల్లిపాయే లేదు.

వీడియోలో లేనిది ఒకటుంది.
ఒంటిగంట నలభైకి గేటు తీసింది నేను.
నోట్లో బ్రాందీ వాసన, బూటుకి అంటుకున్న కొత్తిమీర.
"మావా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.
బుధవారం మ్యాచి ఉంది, గోలు కొట్టేవాడు వాడొక్కడే.
తొమ్మిదిన్నర అని రాశాను.
నాలుగో గడిలో, వాడి అలవాటు ప్రకారం,
చిన్న గీత కూడా నేనే గీశాను.

తర్వాత అన్నీ పద్ధతిగా జరిగాయి.
మూడు మ్యాచిలు కూర్చోబెట్టారు, యాభై వేలు జరిమానా.
ఎవరో టైపు చేసిన ఇంగ్లీషు క్షమాపణ
కెమెరా ముందు చదువుతూ రెండుచోట్ల తడబడ్డాడు.
క్షమాపణ అభిమానులకి, స్పాన్సర్లకి.
జరిమానా క్లబ్బు ఖాతాకి.
అసిరితల్లి పేరు రెంటిలోనూ లేదు.
రిజిస్టరు ఎవరూ అడగలేదు.
వీడియో ఉండగా కాగితం ఎవరిక్కావాలి?

శుక్రవారం వెళ్ళాను,
మూరీ తినబుద్ధయిందని నాకు నేనే చెప్పుకుంటూ.
బండి కింద ఒక పక్క రెండు ఇటికలు.
"మీవోడే కదేటి?" అంది.
"మావాడే."
"నానేటి తప్పన్నాను? పోనాదా నేదా పెనాల్టీ?"
పది రూపాయలు ఎక్కువిస్తే
లెక్కపెట్టి తిరిగిచ్చేసింది.

శనివారం తెల్లారకముందే గేటు దగ్గర ఎల్లాజీ.
రిజిస్టరు నా చేతిలోంచి లాక్కుని
మొదటిసారి నాలుగో గడిలో రాశాడు,
వంకర అక్షరాలతో: చక్రం.

అక్కడికే వెళ్ళాడో,
అదీ ఒక అత్తగారి జ్వరమో, నాకు తెలీదు.
గోడగడియారం చూసి నాలుగూ యాభై వేశాను.
తర్వాత ఆదివారం పేజీకి తిప్పి
తొమ్మిదిన్నర కొట్టేసి, పక్కన
ఒంటిగంట నలభై అని రాశాను.
కొట్టేసిన అంకె కూడా చదవగలిగేలా
ఒక్క గీతే గీశాను.